కొండరాళ్ళ మీద గులాబీలు

పూలలో గులాబీకి ఉన్న ప్రతిష్ఠ లోకవిదితమే. పెండ్లిపందిట్లో పన్నీటి బుడ్డి మొదలుకొని సభావేదిక మీది పూలదండ వరకు, ఉపాధ్యాయ దినోత్సవం నాడు పిల్లలు తెచ్చి యిచ్చే ఒంటి పువ్వు మొదలుకొని దర్గాలో సమాధిపై పరచే పూల చాదరు వరకు, గులాబీ లేని సందర్భం మనకు అరుదు. అందుచేతనే ఇల్లు కట్టుకొన్న ప్రతివారికీ వాకిట నాలుగు గులాబీ మొక్కలు ఉండాలని కోరిక కలుగుతుంది. బడి నడిపే వారికీ ఆ కోరికే. ఆ కోరిక ఎంత సహజమో, దాని వెనుక వచ్చే నిరాశ కూడా అంత సాధారణమైనదే. కార్తికంలో కొని తెచ్చిన మొక్క సంక్రాంతికి నిండుగా పూస్తుంది. ఫాల్గుణానికి ఆకులు రాల్చుతుంది. వైశాఖానికి కట్టెపుల్లగా మిగులుతుంది. మళ్ళీ కార్తికం రాగానే మరొక కొత్త మొక్క. ఇట్లా మూడేండ్లు గడచిన తరువాత గృహస్థు, తన హస్తవాసి మంచిది కాదని సరిపెట్టుకొని, ఆ పాదులో మందారం నాటుకొంటాడు.

హస్తవాసిని నిందించుకోవలసిన పని లేదు. తొంబదిపాళ్ళు దోషం ఎన్నికలోనే ఉన్నది. మనం మొక్కను చూచి కొనడం లేదు, పువ్వును చూచి కొంటున్నాం. ఈ మాట ఎంతవరకు నిజమో పరిశీలించడానికి హైదరాబాదు నగరంలోని ఫిల్మ్ నగర్ కంటె తగిన చోటు మరొకటి కానరాదు.

తెర మీది తోట, నేల మీది తోట

ఫిల్మ్ నగర్, జూబిలీ హిల్స్, బంజారా హిల్స్ అని నేడు మనం పిలిచే ప్రాంతమంతా ఒకప్పుడు రాతికొండలు. దక్కను పీఠభూమిలోని ఈ గ్రానైటు శిలల వయస్సు ఇంచుమించు 250 కోట్ల సంవత్సరాలని భూగర్భ శాస్త్రజ్ఞులు చెప్పుతారు. ఒకదానిపై నొకటి పేర్చినట్లున్న బండలు, వాటి సందులలో జానెడు ఎర్రని మొరం, ఆ మొరంలో సీతాఫలపు చెట్లు, తంగేడు పొదలు: ఇదీ ఆ కొండల సహజ స్వరూపం. అక్కినేని నాగేశ్వరరావు గారు 1976లో అన్నపూర్ణ స్టూడియోను స్థాపించింది ఈ బండల నడుమనే. మద్రాసు నుండి తెలుగు చలనచిత్ర పరిశ్రమ క్రమంగా తరలి రాగా, స్టూడియోలు, ప్రయోగశాలలు, నటుల భవనాలు, వారి కోసం పని చేసే వేలాది కార్మికుల బస్తీలు ఈ గుట్టల మీదనే వెలసినవి. ఆ పాత కొండల స్వరూపం ఎట్లా ఉండేదో చూడగోరేవారు 1998లో జాతీయోద్యానంగా ప్రకటింపబడిన కాసు బ్రహ్మానందరెడ్డి ఉద్యానంలోకి వెళ్ళి చూడవచ్చును. అక్కడ ఎవరూ నీరు పోయకుండానే చెట్లు బ్రతుకుతున్నవి.

చలనచిత్రంలో తోట ఒక విచిత్రమైన వస్తువు. నాయికానాయకులు పాట పాడే గులాబీతోట ఆ పాట చిత్రీకరణ ముగిసేవరకు నిలిస్తే చాలును. ఉదయం కుండీలలో మొక్కలు వచ్చి వరుసగా నిలబడుతవి. సాయంకాలం బండి యెక్కి వెళ్ళిపోతవి. చాలని చోట కాగితపు పూలు కట్టినా ప్రేక్షకుడు కనిపెట్టలేడు. అది ఆ కళకు ధర్మమే. అయితే తెర మీది తోటను చూచి, అటువంటిదే తన వాకిట కావాలని కోరుకొనే గృహస్థు ఒక సంగతి మరచిపోతున్నాడు. ఆ తోటకు వేసవి లేదు. అతని తోటకు ఉన్నది.

ఆ వేసవి ఎటువంటిది? మే నెలలో హైదరాబాదులో పగటి వేడి 40 డిగ్రీల దాకా పోతుంది. కొండల మీద ఆ వేడికి రాతి సెగ తోడవుతుంది. పగలంతా ఎండను త్రాగిన బండలు, కాంక్రీటు గోడలు రాత్రి పొద్దుపోయేవరకు ఆ వేడిని వెళ్ళగ్రక్కుతూనే ఉంటవి. మన ఇండ్లలో పెరిగే గులాబీకి హాయిగా ఉండేది పగలు 25 డిగ్రీలు, రాత్రి 15 డిగ్రీలు ఉండే వాతావరణం. అది మనకు ఏడాదిలో మూడు నెలలు దొరుకుతుంది. మిగిలిన తొమ్మిది నెలలలో నాలుగు నెలలు ఎండ, తక్కినవి వాన, ఉక్క. ఇక నీటి మాట చెప్పనక్కరలేదు. బోరుబావి నీరు చాలచోట్ల ఉప్పు కలిసినది. వేసవిలో దానికీ కరువే. నీటి బండి కోసం బిందెలు వరుసపెట్టే వీధి ఒక ప్రక్క ఉండగా, మరొక ప్రక్క పూటపూటకూ నీరడిగే పూలమొక్కను సాకడం సుఖంగా చేయదగిన పని కాదు. కనుక తక్కువ శ్రమతో, తక్కువ నీటితో బ్రతికే గులాబీ ఏదన్న ప్రశ్న సోమరుల ప్రశ్న అని కొట్టివేయరాదు. అందులో నీతికి సంబంధించిన అంశం కూడా కొంత ఉన్నది.

గులాబీ వంశవృక్షం

ఈ ప్రశ్నకు సమాధానం కావాలంటే గులాబీ వంశవృక్షాన్ని ఒకసారి పరికించవలె.

అడవి గులాబీలన్నీ భూమధ్యరేఖకు ఉత్తరాన పుట్టినవే. వీటిలో యూరపు ఖండంలో పెరిగేవి దాదాపు అన్నీ సంవత్సరానికి ఒక్కసారి, వసంతంలో మాత్రమే, పూసి ఊరకుంటవి. పన్నీరు తీయడానికి ప్రసిద్ధమైన డమాస్కు గులాబీ కూడా ముఖ్యంగా ఆ జాతిదే. ఏడాది పొడుగునా పూచే గుణం చైనా దేశపు తోటలలోని గులాబీలది. పద్దెనిమిదవ శతాబ్దం చివర, పంతొమ్మిదవ శతాబ్దం మొదట, ఈ చైనా గులాబీలు నాలుగు ఇంగ్లండుకు చేరినవి. తూర్పు ఇండియా కంపెనీ నౌకలే వాటికి వాహనాలు. వాటి మార్గంలో కలకత్తా ఒక మజిలీ. ఈ నాలుగింటితో పడమటి గులాబీలను సంకరం చేయగా పుట్టిన సంతానమే నేటి తోటగులాబీ. 1867లో ఫ్రాన్సులో వెలువడిన 'లా ఫ్రాన్స్' అనే గులాబీతో 'హైబ్రిడ్ టీ' అనే తరగతి ఆరంభమైనదని ఉద్యానవేత్తలు సాధారణంగా చెప్పుతారు. నిటారుగా నిలిచిన కాడ, దాని చివర ఒకే ఒక పెద్ద పువ్వు, సన్నని మొన తేలిన మొగ్గ: మన కండ్లకు గులాబీ అనగానే కనిపించే రూపం ఈ తరగతిదే.

కాని ఆ సంకరాలు చేసిన తోటలు ఎక్కడివి? ఫ్రాన్సు, ఇంగ్లండు, జర్మనీ, అమెరికా దేశాలలోని చల్లని ప్రాంతాలవి. అక్కడి తోటవానికి భయం మంచు, ఎండ గాదు. చలికి చావని మొక్కలను ఏరి వారు వృద్ధి చేసినారు. వారి దృష్టిలో అది న్యాయమే. పైగా 1900లో ఫ్రాన్సులోని లియాన్ నగరవాసి పెర్నే-డ్యుషే 'సొలేయ్ డార్' అనే పసుపు గులాబీని సృష్టించినాడు. పర్షియా ప్రాంతపు ఒక పచ్చ గులాబీ దాని తల్లిదండ్రులలో ఒకటి. గులాబీలకు నిండు పసుపు, కాషాయ వర్ణాలు ఆ దారినే సంక్రమించినవి. ఆ వర్ణంతోపాటు ఆకులపై నల్లమచ్చ తెగులుకు లొంగిపోయే బలహీనత కూడా సంక్రమించినది. వానకాలంలో మన వాకిట పసుపు గులాబీ మొదట ఆకులు రాల్చి నిలబడటానికి కారణం నూటపాతికేండ్ల నాటి ఈ పెండ్లిలో ఉన్నది.

ఇక్కడ ఒక విచిత్రం గమనించదగినది. నిత్యమూ పూచే గుణం తూర్పుదేశాల నుండి వెళ్ళినది. వేడిని ఓర్చే గుణం కూడా తూర్పుదేశాలదే. అవి రెండూ పడమటికి వెళ్ళి, పూచే గుణం పెరిగి, ఓర్చే గుణం తరిగి, మెరుగు దిద్దుకొని మనకే తిరిగి వచ్చినవి. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్నట్లు, మనం మన పాత గులాబీని 'నాటుది' అని మూలకు నెట్టి, వచ్చిన దొరసానికి పీట వేసినాము.

ఉద్యోగం విడిచి గులాబీల వెంట

ఈ సంగతిని గుర్తించి, భారతదేశపు నేలకు తగిన గులాబీలను సృష్టింపవలెనని పూనుకొన్నవారు కొందరు ఉన్నారు. వారిలో మొదట చెప్పదగినవారు డాక్టర్ బి. పి. పాల్. 1906లో జన్మించి 1989లో కీర్తిశేషులైన ఈయన వృత్తిచేత గోధుమ శాస్త్రజ్ఞులు. 1965లో భారత వ్యవసాయ పరిశోధన మండలికి మొట్టమొదటి డైరెక్టర్ జనరల్ అయినారు. దేశానికి తెగులు తట్టుకొనే గోధుమను ఇవ్వడానికి కృషిచేసిన ఆ చేతులే తీరిక వేళలలో గులాబీలను సంకరం చేసినవి. ఢిల్లీలోని పూసా వ్యవసాయ పరిశోధనాలయం వెలువరించిన గులాబీలకు 'మోహిని', 'మృణాళిని', 'రక్తగంధ', 'హిమాంగిని' వంటి మన పేర్లే ఉన్నవి.

రెండవవారి కథ తెలుగువారికి మరింత దగ్గరిది. ఎం. ఎస్. వీరరాఘవన్ గారు ఇండియన్ అడ్మినిస్ట్రేటివ్ సర్వీసులో, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రంలో పనిచేసిన అధికారి. గులాబీ పట్ల మక్కువ వారిని ఎంత దూరం తీసికొనిపోయినదంటే, 1980లో వారు ఉద్యోగం నుండి ముందుగానే విరమించుకొని, భార్య గిరిజ గారితో కలిసి తమిళనాడులోని కొడైకెనాల్ కొండల మీద స్థిరపడి, పూర్తిగా ఈ పనికే జీవితం అంకితం చేసినారు. వారి లక్ష్యం ఒక్కటే: ఉష్ణదేశాలలో కష్టపెట్టకుండా పెరిగే గులాబీ.

ఈ లక్ష్యానికి వారు ఎన్నుకొన్న సాధనాలు పడమటి తోటలలోనివి కావు; మన అడవులలోనివే. ఒకటి 'రోజా జైజాంటియా' అనే మహా గులాబీ. మణిపురపు కొండలలో 1882లో సర్ జార్జి వాట్ దీనిని సేకరించినాడు. బర్మాలో కొద్ది ఏండ్లకే సర్ హెన్రీ కోలెట్ చూచినాడు. చెట్లను అల్లుకొని చాల ఎత్తు పాకుతుంది. ఆకు నిగనిగలాడుతూ ఆరోగ్యంగా ఉంటుంది. రెండవది 'రోజా క్లైనోఫిల్లా'. బీహారు, బెంగాలు మైదానాలలో నీటి ఒడ్డున పెరిగే తెల్లని ఒంటిరేకుల గులాబీ ఇది. వానకాలంలో వరదనీటిలో వేళ్ళు మునిగినా చావదు. వేసవిలో ఎండకూ వెరవదు. గులాబీ ఉష్ణమండలంలో బ్రతకదనేవారికి ఇంతకంటె మంచి సమాధానం లేదు.

ఈ రెండింటి రక్తం కలిసిన గులాబీలను వీరరాఘవన్ దంపతులు అనేకం వెలువరించినారు. ఒకదానికి వృక్షశాస్త్రజ్ఞురాలు జానకీ అమ్మాళ్ పేరు పెట్టినారు. మరొకదాని పేరు 'గోల్డెన్ థ్రెషోల్డ్'. సరోజినీ నాయుడు గారి మొదటి కవితాసంపుటి 1905లో ఈ పేరుతోనే అచ్చయినది. హైదరాబాదులో వారి ఇంటికీ ఈ పేరే. ఒక ఉద్యోగి దస్త్రాలు కట్టిపెట్టి పూల వెంట పోవడం కొందరికి వింతగా తోచవచ్చు. కాని ఒక నేలకు తగిన మొక్కను సృష్టించడమనేది పది సంవత్సరాల తరువాత ఫలించే పాలన వంటిదే.

ఏ మొక్కను ఎన్నుకోవలె

ఇక మన వాకిటికి వద్దాము. కొత్త సంకరాలన్నీ అంగళ్ళలో దొరకవు. దొరికేవాటిలోనే ఎన్నుకోవలసి ఉన్నది.

మొట్టమొదట చెప్పవలసినది మన పాత పన్నీరు గులాబీ. దక్షిణాదిన దీనిని 'ఎడ్వర్డ్ గులాబీ' అని వ్యవహరిస్తారు. ఇది బూర్బన్ తరగతిది. హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవికి పూర్వం బూర్బన్ దీవి అని పేరు. అక్కడ చైనా గులాబీకి, డమాస్కు గులాబీకి కలిగిన సంతానం ఈ తరగతి. వేడిదీవిలో పుట్టినది కనుక వేడి దీనికి కొత్త కాదు. లేత ఎరుపు పూలు, నిండు సువాసన. దండలకూ, పన్నీటికీ రైతులు దీనిని విస్తారంగా సాగుచేస్తారు. ఆలోచించి చూడండి: లాభం కోసం ఎకరాల కొద్దీ సాగుచేసే రైతు చిటికెమాటికి చచ్చే మొక్కను ఎన్నుకొంటాడా? తమిళనాడు రైతులు సాగుచేసే మరొక దండగులాబీ పేరే 'ఆంధ్ర రెడ్'. మన పేరు పెట్టుకొన్న గులాబీని మనమే మరచిపోవడం తగదు.

రెండవ వర్గం పాత చైనా గులాబీలు, టీ గులాబీలు. చైనా గులాబీ పువ్వు చిన్నది, రేకులు తక్కువ. కాని గుత్తులు గుత్తులుగా నెలనెలా పూస్తుంది. వీటిలో 'మ్యుటాబిలిస్' అనేదానికి ఒక ముచ్చట ఉన్నది. విచ్చినప్పుడు లేత పసుపు, తరువాత గులాబీ వన్నె, వాడబోయే ముందు ముదురు ఎరుపు. ఒకే పొదపై మూడు రంగుల పూలు సీతాకోకచిలుకలు వాలినట్లు కనిపిస్తవి. టీ గులాబీలకు మెడ వంగిన పెద్ద పూలు. చైనా గులాబీకి, ముందు చెప్పిన మహా గులాబీకి పుట్టిన వంశం వీటిది. చలిదేశాలలో ఇవి చచ్చిపోతవి. అక్కడి వారికి అది లోపం. మనకు అదే యోగ్యత.

మూడవ వర్గం గుత్తిపూల జాతులు: పాలియాంథాలు, ఫ్లోరిబండాలు. ఒక్క పెద్ద పువ్వుకు బదులు పది చిన్న పూలు. 1958లో జర్మనీలో వెలువడిన తెల్లని 'ఐస్‌బర్గ్' ప్రపంచంలోని వేడి ప్రాంతాలన్నిటా నిలిచినది. ఎండకు వెలిసిపోయే రంగే దానికి లేదు గదా! పెద్ద పూలే కావాలని పట్టుపట్టేవారు 1954 నాటి 'క్వీన్ ఎలిజబెత్' వంటి మొండి జాతిని ఎన్నుకోవచ్చును. ఇటీవలి వాటిలో 2000లో అమెరికాలో వెలువడిన 'నాకౌట్' తెగుళ్ళను తట్టుకోవడంలో పేరు పొందినది.

కొనకూడనిది కూడా చెప్పవలె. గుడిమల్కాపూర్ పూలబజారులో కట్టలు కట్టి అమ్మే పొడుగుకాడల 'డచ్చి గులాబీ' పందిరి కప్పుల క్రింద, కొలిచిన నీటితో, కొలిచిన ఎరువుతో, వారం వారం మందులతో పెరిగినది. దాని పువ్వు పది రోజులు వాడకపోవచ్చు. దాని మొక్క మన వాకిట పది నెలలు నిలవడం కష్టం. అట్లాగే చిన్న కుండీలో నాలుగు పూలు విచ్చి ఉన్న మొక్కను చూచి మోసపోరాదు. పువ్వు విక్రేత చూపేది. ఆకు మొక్క చెప్పేది. మొక్క అడుగు ఆకులు నిలిచి ఉన్నవా, పచ్చగా ఉన్నవా, క్రొత్త చివురు మొదలు నుండి వస్తున్నదా అని చూడవలె. గోదావరి తీరాన కడియం నర్సరీలకు వెళ్ళినా, ఇంటి ముందుకు వచ్చిన తోపుడుబండి దగ్గర నిలిచినా పరీక్ష ఇదే. ఒక్కొక్క మొక్కను ఏప్రిల్, మే నెలలలో చూడగలిగితే అంతకంటె మేలు లేదు. శీతకాలంలో గులాబీలన్నీ మంచివే.

నాటడం, సాకడం

తక్కువ శ్రమ అంటే అసలే శ్రమ లేకపోవడమని అర్థం కాదు. పడవలసిన శ్రమ యావత్తూ మొదటనే పడటమని అర్థం.

రాతినేలలో గొయ్యి రెండడుగుల లోతు, రెండడుగుల వెడల్పు ఉండవలె. త్రవ్విన తరువాత దానినిండా నీరు పోసి మరునాడు చూడవలె. నీరు నిలిచి ఉంటే అడుగున బండ ఉన్నదన్నమాట. అది గొయ్యి కాదు, గిన్నె. అందులో నాటిన మొక్క వానకాలంలో వేరు కుళ్ళి చస్తుంది. అటువంటి చోట గొయ్యి విడిచి, నేలపై రాళ్ళు పేర్చి అడుగున్నర ఎత్తు మట్టికట్ట కట్టి నాటవలె. ఎర్రమట్టి, బాగా మాగిన పశువుల ఎరువు, ఆకుల ఎరువు, చారెడు వేపపిండి కలిపి నింపితే చాలును. నాటవలసిన కాలం వానలు వెనుకపట్టిన సెప్టెంబరు, అక్టోబరు నెలలు. వేసవి వచ్చేలోగా వేరు లోతుకు దిగుతుంది. వేసవి సెలవులలో తీరిక దొరికినదని మే నెలలో నాటడం మొక్కను పరీక్షకు చదవకుండా పంపడం వంటిది.

ఉదయపు ఎండ ఆరు గంటలు తగలవలె. పడమటి ఎండ తప్పితే మంచిది. తెల్లసున్నపు గోడకు ఎదురుగా, పెద్ద బండకు ఆనుకొని నాటరాదు. నాటిన తరువాత పాదు మీద మూడు నాలుగంగుళాల మందాన ఎండుటాకులు, గడ్డి కప్పవలె. ఈ ఒక్క పని చేతనే నీరు ఎంతో ఆదా అవుతుంది, వేరు చల్లగా ఉంటుంది, కలుపు తగ్గుతుంది. మన బడులలో రోజూ ఊడ్చి తగులబెట్టే ఆకులు గులాబీకి గొడుగులని పిల్లలకు చెప్పవలసిన అవసరం ఉన్నది. నీరు రోజూ చిలకరించరాదు. రెండు మూడు రోజుల కొకసారి వేరు తడిసేటట్లు, ఉదయం పూట, మొదట్లో పోయవలె. ఆకుమీద తడి చాల గంటలు నిలిస్తేనే నల్లమచ్చ తెగులు పట్టుతుంది. కాబట్టి సాయంకాలం పైనుండి నీళ్ళు కొట్టడం తెగులును పిలిచి పీట వేయడమే. ఒక్క ఎర్రనల్లి పట్టినప్పుడు మాత్రం ప్రొద్దుటిపూట ఆకు అడుగు భాగాన్ని నీటితో కడిగితే మందు అవసరం చాలవరకు తీరుతుంది.

అక్టోబరులో ఎండిన కొమ్మలు, ఒరుసుకొనే కొమ్మలు తీసివేసి, తక్కినవి కొద్దిగా కుదించితే ఏడెనిమిది వారాలలో పూత వస్తుంది. చలిదేశపు పుస్తకాలు చూచి మోకాలి దిగువకు నరకడం మనకు తగదు. అక్కడ మొక్క చలికాలమంతా నిద్రపోతుంది, ఇక్కడ ఏనాడూ పూర్తిగా నిద్రపోదు. అంటుకట్టిన మొక్కకు అంటు దిగువ నుండి వచ్చే పిలకను ఎప్పటికప్పుడు పెరికివేయవలె. లేకుంటే కొన్నాళ్ళకు మనం కొన్న గులాబీ పోయి, దానిని మోసిన అడవిగులాబీ మిగులుతుంది. పాత చైనా జాతులకూ, పన్నీరు గులాబీకీ ఈ బెడద లేని ఉపాయం ఒకటున్నది. వానకాలంలో పెన్సిలంత లావు కొమ్మను జానెడు కోసి నాటితే, తన వేరు మీద తానే పెరుగుతుంది. పైసా ఖర్చు లేదు.

ఇంత చేసినా మే నెలలో పూలు చిన్నవి కావడం, ఒక్క పూటలో విచ్చి రాలడం సహజం. అది రోగం కాదు. అప్పుడు ఎరువులు వేసి మొక్కను తొందరపెట్టరాదు. ఎండలో మనం అరుగు మీద కూర్చుండినట్లు, అదీ కాసేపు కూర్చుంటుంది.

బడితోటలో ఒక ప్రయోగం

అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రపు వేసవి మన వేసవికి తీసిపోదు. అక్కడి టెక్సాస్ ఎ అండ్ ఎం విశ్వవిద్యాలయంవారు గులాబీలను ఒక విచిత్రమైన పద్ధతిలో పరీక్షించినారు. నాటేటప్పుడు నేలలో ఆకుల ఎరువు కలిపి, పైన కప్పు వేసి, ఆ తరువాత పురుగుమందు గాని, రసాయనపు ఎరువు గాని వేయకుండా, నీరు బాగా తగ్గించి, ఏండ్ల తరబడి గమనించినారు. అట్లా ఉపేక్షించినా నిలిచి పూచినవాటినే 'ఎర్త్‌కైండ్' గులాబీలని ప్రకటించినారు. ముందు చెప్పిన 'మ్యుటాబిలిస్', 'నాకౌట్' ఆ పట్టికలోనివి. సాధారణంగా మనం బాగా చదివించిన విద్యార్థిని పరీక్షించి మెచ్చుకొంటాము. వారు ఎవరూ చదివించని విద్యార్థిని పరీక్షించినారు.

ఈ పరీక్ష మన బడులలోనూ జరపవచ్చును. నాలుగు జాతులు తీసికొని, ఒక్కొక్కటి మూడేసి మొక్కలు నాటవలె. ఒక్కొక్క మొక్కే నాటితే అది చచ్చినది జాతి దోషం చేతనో, గొయ్యి దోషం చేతనో తేలదు, అందుకే మూడు. అన్నిటికీ ఒకే మట్టి, ఒకే నీరు. దేనికీ మందు లేదు. పిల్లలు వారానికొకసారి పూలు లెక్కించి, రాలిన ఆకులను గమనించి, ఆనాటి ఎండను వ్రాసిపెట్టవలె. రెండు వేసవులు గడచేసరికి ఆ ఊరికి ఏ గులాబీ తగినదో ఏ గ్రంథమూ చెప్పలేనంత స్పష్టంగా ఆ నోటుపుస్తకం చెప్పుతుంది. అంతకంటె ముఖ్యంగా, ఒక అభిప్రాయాన్ని నమ్మడానికి ముందు దానిని ఎట్లా పరీక్షించవలెనో పిల్లలు నేర్చుకొంటారు.

ఇందుకు ఒక ఆక్షేపణ రావచ్చును. శ్రమపడి పెంచిన పువ్వులో ఉన్న ఆనందం, తనంతట పెరిగిన పువ్వులో ఉంటుందా అని. గులాబీ పోటీలకు పూలు పంపేవారి దీక్షను తక్కువచేయడం నా అభిమతం కాదు. వారు లేకపోతే కొత్త జాతులే లేవు. కాని ఇంటి వాకిలి పోటీపందిరి కాదు. బడి ఆవరణ అసలే కాదు. వారం వారం విషం చల్లితేనే బ్రతికే మొక్కను, పసిపిల్లలు చేయిచాచి పువ్వు త్రుంచే చోట పెట్టడం ఏ సౌందర్యదృష్టి చేతా సమర్థనీయం కాదు. ఆ విషం చల్లేది సాధారణంగా యజమాని కాదు, నోటికి గుడ్డ కూడా లేని తోటమాలి. గులాబీ అందాన్ని లెక్కగట్టేటప్పుడు అతని శ్వాసను కూడా లెక్కలో వేయవలసి ఉన్నది.

మంచి ఉపాధ్యాయుడు ప్రతి విద్యార్థినీ ఒకే మూసలో పోయడానికి ప్రయత్నించడు. అతని స్వభావమేదో ముందు తెలిసికొంటాడు. మంచి తోటమాలి చేసేదీ అదే. నేలకు తగిన మొక్కను ఎన్నుకొన్నవాడు ఆ తరువాత దానితో పోరాడవలసిన పని ఉండదు. సీతాఫలమూ తంగేడూ ఏ కొండరాళ్ళ సందున ఏనాటి నుండో బ్రతుకుతున్నవో, అదే రాళ్ళ సందున, ఎండను తన వంశంలోనే మోసుకొని వచ్చిన గులాబీ కూడా బ్రతకగలదు. ఈ ఏడు వానలు వెనుకపట్టిన తరువాత ఒక పన్నీరు గులాబీ కొమ్మను నాటి చూడండి. వచ్చే వైశాఖంలో అది పూయకపోయినా నష్టం లేదు; పచ్చగా ఉంటే చాలును.